బొట్టు పెట్టిన డిస్కులు

దసరా మరునాడు మా గోదావరిఖనిలో కంప్యూటర్ బాగు చేయించుకోవడానికి ఎవరూ రారు. ముందురోజు తిన్న మటనూ తాగిన మందూ దిగేసరికే మధ్యాహ్నం అవుతుంది. అయినా నేను షాపు తెరుస్తాను. ఇంట్లో ఉంటే మా ఆవిడ అటక మీది సామాను దింపమంటుంది. ఆ ఏడు కూడా షట్టరు సగం ఎత్తి, పేపరు చదువుతున్నట్టు నటిస్తూ కూర్చుంటే భాయ్ వచ్చాడు.

భాయ్ అంటే మా వెనక గల్లీలో ఫోటో స్టూడియో నడిపే పెద్దమనిషి. అరవై దాటాయి. బొగ్గుబాయి కార్మికుల ఇళ్ళలో పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, రిటైర్మెంటు ఫంక్షన్లు ముప్పై ఏళ్ళుగా ఆయనే తీస్తున్నాడు. కిందటి సాయంత్రమే నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, అలయ్ బలయ్ అంటూ కౌగిలించుకుని నవ్వుకుంటూ పోయిన మనిషి, ఇప్పుడు గడప దగ్గరే నిలబడిపోయాడు. లోపలికి రాలేదు.

"తమ్మీ, జర స్టూడియోకు రా," అన్నాడు. "పెట్టె లేస్తలేదు."

స్టూడియో ఫోటోలూ వీడియోలూ అన్నీ దాచే ఆ పెట్టె నేను కట్టిందే. ఆరేళ్ళ కిందట నేనే సామాను తెప్పించి, నేనే బిగించి ఇచ్చాను. అందులో నాలుగు పెద్ద డిస్కులు ఒకదాని మీద ఒకటి అరల్లో ఉంటాయి. లోపలున్న ఒక కార్డు ఆ నాలుగింటినీ కలిపి ఒకటే డిస్కుగా చూపిస్తుంది. ఏ ఫైలు పెట్టినా ముక్కలు చేసి నాలుగింటికీ పంచుతుంది. వాటిలో ఏ ఒక్కటి చచ్చినా, మిగతా మూడూ కలిసి ఆ పోయిన ముక్కలేవో లెక్కగట్టి చెప్పేస్తాయి. బిగించిన రోజు నేను చాలా గొప్పగా చెప్పాను, "ఒక డిస్కు పోయినా ఫికర్ లేదు భాయ్, నిమ్మళంగ పండుకోండ్రి" అని. ఆయన నా మాట నమ్మి నిమ్మళంగానే ఉన్నాడు. అంతకుముందు ప్రతి ఫంక్షనుకూ ఒక డీవీడీ రాసి అల్మారాలో దాచేవాడు. పెట్టె వచ్చాక ఆ డీవీడీలన్నీ మంథని వైపు ఎవరో రైతుకు ఇచ్చేశాడు, మక్కచేను మీద పిట్టలు వాలకుండా దారాలకు కట్టుకోవడానికి. ఒకటి పోతే ఫికర్ లేదని చెప్పినవాణ్ణి, రెండోది కూడా పోతే ఏమవుతుందో ఎందుకు చెప్పలేదు? చెబితే నా పనితనం కొంచెం తక్కువగా కనిపించేది. అంతకంటే వేరే కారణం నాకు దొరకలేదు.

స్టూడియోలో ఆల్బంలు చేసే అక్క గోడకు ఆనుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది, పెళ్ళి కాకముందు నుంచీ అక్కడే పని. పెళ్ళికూతురి మొహం మీది మొటిమలు మాయం చెయ్యడంలో, అలిగి ఫోటోకు రాని మేనమామను వెనక వరుసలో తెచ్చి నిలబెట్టడంలో ఆమెను మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. నోరు కూడా పనికి తగ్గట్టే ఉంటుంది. ఆ రోజు మాత్రం నన్ను చూసి "రా" అని కూడా అనలేదు.

పెట్టె పక్క రేకు విప్పాను. పసుపు వాసన గుప్పుమంది. దాని వెనకే కాలిన వాసన. లోపల నాలుగు డిస్కులకూ నాలుగు బొట్లు.

"ఎవరు పెట్టిండ్రు?" అన్నాను, తెలిసే.

"నేనే," అంది అక్క.

ఆయుధపూజకు పనిముట్లు తుడిచి బొట్టు పెట్టడం మా దగ్గర అందరూ చేసేదే. బాయి మీద పెద్ద పెద్ద మిషన్లకు గుమ్మడికాయ కొడతారు. నేను నా స్క్రూడ్రైవర్లకు నిమ్మకాయ కోస్తాను. ఆ స్టూడియోలో కెమెరాలకు, లైట్లకు, కీబోర్డులకు అక్క బొట్టు పెడితే, కొబ్బరికాయ భాయ్ స్వయంగా బజారుకు పోయి తెస్తాడు. "నేను బిస్మిల్లా అంట, ఆమె బొట్టు పెడ్తది. మిషన్ నడవాలె, గంతే" అంటాడు. ఇన్నేళ్ళూ పెట్టెకు పైనే బొట్టు పెట్టింది అక్క. ఈసారి రేకు విప్పింది.

"లోపట గింత మందం నల్ల దుమ్ము తమ్మీ. పైన తుడిచి లోపట ఇడిసిపెడ్తె అది పూజెట్లైతది? దుమ్మే మిషన్లకు శని అని నువ్వే చెప్పినవు ఎండకాలంల."

చెప్పాను. ఆ మాట గుర్తొచ్చి ఒళ్ళు మండింది. నాలుగు డిస్కులూ బయటికి తీసి, తడిగుడ్డతో తుడిచి, తడి పసుపు రాసి, మీద కుంకుమ అద్ది, హారతి ఇచ్చి, చేతికి ఏది దొరికితే అది తీసి అరల్లో తోసింది. ఏది ఏ అరలోదో ఆమెకు తెలియదు. "నాలుగు ఒక్కతీరే ఉన్నయి గద" అంది. కరెంటు ఇవ్వగానే తెర మీద ఇంగ్లిషులో ప్రశ్న వచ్చిందట.

"ఏం రాసుందో సదవకుండ ఎస్ కొడ్తవా అక్కా?"

"సదివిన. కొత్తగ కట్టాల్నా అని అడిగింది. పండుగ పూట వద్దంటరా? కట్టమన్న. మల్లొకసారి అడిగింది. మల్ల ఎస్ కొట్టిన."

"కట్టుడంటె ఉన్నదాని మీద రాసుకుంట పోవుడు అక్కా. ఎంతసేపు నడిచింది?"

"కాలిన వాసన వచ్చిందాక. పది నిమిషాలుంటది. అప్పుడు వైరు గుంజిన. పండుగ పూట భాయ్‌కు చెప్పబుద్ధి కాలె, ఇయ్యాల పొద్దుగాల చెప్పిన."

నాకు కోపం వస్తే ఆగదు. చదువుకున్నదానివి కావా, ఎవరిని అడిగి ముట్టుకున్నావు, ఇన్నేళ్ళ పని మట్టిపాలు చేశావు అని నోటికొచ్చినట్టు అన్నాను. భాయే నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఆమెను అనకు తమ్మీ. నారియల్ తెచ్చింది నేనే." అప్పుడు గానీ ఆగలేదు నా నోరు. ఆగాక సిగ్గు వేసింది గానీ, ఆ మాట పైకి అనలేదు.

అక్క లేచి నిలబడింది. "కిందటి పెళ్ళిళ్ళన్ని గిరాకీలకు ఇచ్చేసినం. మిగతాది పోతె పోనీ. మా ఊరు ఒక్కటి తీసియ్యి తమ్మీ."

అక్క ఊరు ఇప్పుడు లేదు. ఎనిమిదేళ్ళ కిందట ఓపెన్ కాస్టు గని కింద పోయింది. ఇళ్ళు, బడి ఉన్న చోట ఇప్పుడు డంపర్లు మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంటాయి. గట్టు మీది నుంచి చూస్తే అగ్గిపెట్టెలంత కనిపిస్తాయి. జనమంతా పునరావాస కాలనీకి వెళ్ళారు. వెళ్ళేముందు చివరి బతుకమ్మ ఊళ్ళోనే ఆడతామని ఆడవాళ్ళు పట్టుబట్టారు. భాయ్ ఆ రోజు కెమెరా పట్టుకుని పోయి ఊరంతా తిరిగి తీశాడు. అక్క మాత్రం పోలేదు. "ఊరే పోతుంటె పూలు పేర్చుడేంది" అని తల్లితో పోట్లాడి, స్టూడియోలో ఎవరిదో ఆల్బం చేస్తూ కూర్చుంది. తిరిగొచ్చిన భాయ్ కెమెరా కార్డు ఆమె ముందు పెట్టి, "మీ అమ్మ నీతోని మాట్లాడింది, చూడు బేటా" అన్నాడట. కోపం తగ్గాక చూద్దామని కంప్యూటర్లో వేసి పెట్టింది. ఆ చలికాలంలోనే తల్లి పోయింది. ఇక చూసే ధైర్యం రాలేదు. పెట్టె వచ్చాక ఆ ఫోల్డరునూ అందులోకి మార్చింది. అప్పుడప్పుడు దాని పేరు మాత్రం చూసుకునేదట.

"ఉన్నది గద, ఎప్పుడన్న చూస్త అనుకున్న," అంది. ఎనిమిదేళ్ళుగా తల్లి మాటలు ఆమె కుర్చీకి బారెడు దూరంలోనే ఉన్నాయి.

వెనక గదిలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి నాలుగు డిస్కులూ పెట్టాను. ఒకదాన్ని అక్క తిరగేసి పట్టుకుని, రేకు మీద పెట్టాల్సిన బొట్టు కింది బోర్డు మీద పెట్టింది. పసుపు ఆరకముందే కరెంటు వచ్చింది, బోర్డు మాడింది. అలాంటి బోర్డే ఇంకొకటి దొరికినా, దాని మీది ఈగంత చిప్పు ఊడదీసి మార్చాలి. అది నా చేతికి మించిన పని. సరే, ఒకటి పోతే ఫికర్ లేదన్నవాణ్ణి నేనే కదా అనుకుని, మిగతావాటికి ఒక్కొక్కటిగా కరెంటిచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాను. రెండు సన్నగా, ఒకే తీరుగా తిరిగాయి. మూడోది తిరగడం మొదలుపెట్టి టిక్కుమంది. ఆగింది. మళ్ళీ టిక్కుమంది.

మా బాపు భూమి లోపల ముప్పై ఏళ్ళు పని చేశాడు. పని మొదలుపెట్టేముందు కర్రతో పైకప్పు మీద కొట్టి చప్పుడు వినేవాడట. గట్టిగా మోగితే పని, డొల్లగా మోగితే వెనక్కి. "కండ్లు మోసం జేస్తయి గని చెవులు జెయ్యయి బిడ్డా" అనేవాడు. ఆ డిస్కులో నాకు వినిపించింది డొల్ల చప్పుడే. నాలుగింటిలో ఒకటి చచ్చింది, ఇంకొకటి చావుకు దగ్గర్లో ఉంది. రెండోది కూడా పోతే మిగిలిన రెండింటితో ఏ లెక్కా తేలదు. ఊరు పోయినట్టే.

హైదరాబాద్‌లో ఇలాంటి పనే చేసే ఒక ల్యాబుకు ఫోన్ చేశాను. తీసుకొస్తే చూస్తాం, దారిలో అదురుకు ఆ డిస్కు ఆగిపోతే మాకు సంబంధం లేదన్నారు. ఆ మాట భాయ్‌కీ అక్కకూ చెప్పాను. పంపడమా, ఇక్కడే చెయ్యడమా మీ ఇష్టమన్నాను గానీ, ఇక్కడే చెయ్యమంటే బాగుండునని నా గొంతులో వినిపించే ఉంటుంది. నేను కట్టిన పెట్టెను ఇంకొకరు విప్పి చూసి నవ్వడం నాకు ఇష్టం లేదు. అక్క నా మొహం చూసి, "నువ్వే జెయ్యి" అంది.

ఈ పనిలో ఒక నియమం ఉంది. దెబ్బతిన్న డిస్కు మీద ఎప్పుడూ పని చెయ్యకూడదు. దాన్ని ఉన్నదున్నట్టు కొత్త డిస్కులోకి దింపుకుని, ఆ కాపీ మీద ఎన్ని తప్పులైనా చేసుకోవచ్చు. బాగున్న రెండు డిస్కుల కాపీలు మరునాటికి అయిపోయాయి. ఆ తర్వాత మూడోదాన్ని మెత్తటి స్పాంజి అతికించిన చెక్క మీద పెట్టి కరెంటిచ్చాను. ఐదుసార్లు టిక్కుమని, ఆరోసారికి తిరిగింది. తెర మీద పొడవాటి పట్టీ ఒకటి వచ్చింది. చదివిన మేర ఆకుపచ్చ. చదవలేని చోట ఎర్ర చుక్క. చాలా నెమ్మదిగా ఆకుపచ్చ పాకడం మొదలుపెట్టింది. అక్కా నేనూ దాన్నే చూస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నానికి పట్టీలో నాలుగో వంతు పచ్చబడింది. ఎర్ర చుక్కలు ఐదారు కన్నా లేవు. నాకు కాస్త ధైర్యం వచ్చి చాయ్ తెప్పించాను.

మూడు దాటింది. చాయ్ గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. గోడకున్న పెళ్ళి ఫోటోల అద్దాలు అదిరాయి. డిస్కు కీచుమని ఒక్క అరుపు అరిచింది. నేను తల తిప్పేసరికి పట్టీలో ఒకే చోట ఎర్ర చుక్కలు కుప్పగా పడ్డాయి.

బ్లాస్టింగ్. ఓపెన్ కాస్టులో రాయి పేల్చడానికి మధ్యాహ్నం పూట మందు పేలుస్తారు. ఊరంతా ఒక్కసారి అదురుతుంది. పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. వేరే ఊరి చుట్టాలొస్తే ఉలిక్కిపడి లేస్తారు, మేము నవ్వుతాం. చిన్నపాటి అదురు చాలు, తిరుగుతున్న డిస్కును చంపడానికి. అది తెలిసినవాణ్ణి, ఈ పనిని నమ్ముకుని బతుకుతున్నవాణ్ణి, బ్లాస్టింగ్ సంగతి మరిచిపోయాను. ఇంకెక్కడివాడైనా ముందు అదే అడిగి ఉండేవాడు.

డిస్కు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆకుపచ్చ మళ్ళీ పాకింది. కానీ పని ఇంకో రెండు రోజులది. అంటే మళ్ళీ రేపు బ్లాస్టింగ్ రానే వస్తుంది. అప్పటికి డిస్కును ఆపేద్దామంటే, ఇది ఐదుసార్లకు గానీ లేవని డిస్కు, ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. ఆపకపోతే ఆ అదురుకు లోపల రాతను చదివే ముల్లు, తిరిగే పలక మీద గీసుకుపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బస్తాల కింద పెడదామా, పరుపు మీద పెడదామా అని మరునాడు పొద్దున ఒక్కణ్ణే గొణుక్కుంటుంటే అక్క అడిగింది.

"పసిపిల్లలున్న ఇంట్ల బ్లాస్టింగ్ ఐతే ఏం జేస్తరు?"

"ఏం జేస్తరు?"

"తొట్టెల ఏస్తరు. గని కొత్తగ మొదలైనప్పుడు మా ఊళ్ళె పిల్లలను మంచంల పండవెడ్తె అదురుకు ఎక్కిపడి లేసేటోళ్ళు. అమ్మ చీర తెచ్చి దూలానికి తొట్టెల కట్టింది. నేల అదిరేది, గోడ అదిరేది, తొట్టెలల పిల్ల కదలకపోయేది."

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ సంగతి లేదు. కానీ తప్పు పట్టడానికీ ఏమీ దొరకలేదు. ఫోటోల వెనక తెర వేలాడదీసే ఇనుప కొక్కెం ఆ గది కప్పుకు ఉంది. అక్క మధ్యాహ్నం ఇంటికి పోయి పాత నూలు చీర తెచ్చింది. తిరుగుతున్న డిస్కును చెక్కతో సహా లేపాలి. అడ్డంగా వంగినా, చిన్న కుదుపు వచ్చినా అంతే. చదవడం కాసేపు ఆపి, తిరగడం మాత్రం ఆపకుండా, చెరొక వైపు పట్టుకుని నిండా చారున్న గిన్నెను లేపినట్టు లేపాం. భాయ్ చీరను చెక్క కిందికి జరిపి, కొనలు రెండూ కొక్కేనికి ముడి వేశాడు. ఆ ముసలాయన పెదవులు ఏదో చదువుతూనే ఉన్నాయి. డిస్కుకు గాలి తగిలేలా చీర అంచులు మడిచి చదవడం మళ్ళీ మొదలుపెట్టాను. టిక్కుమనలేదు.

మూడయ్యేసరికి ముగ్గురం దాని చుట్టూ నిలబడ్డాం. తొట్టెల ఊగకుండా అక్క రెండు చేతులూ అడుగున ఆనీ ఆనకుండా పెట్టింది. మూడుంబావు దాటాక కాళ్ళ కింద నేల అదిరింది. ఫోటోల అద్దాలు మోగాయి. బల్ల మీది పెన్ను దొర్లి కింద పడింది. తొట్టెలలో డిస్కు అదే సన్నటి చప్పుడుతో తిరుగుతూనే ఉంది. పట్టీలో ఆకుపచ్చ తప్ప ఏమీ లేదు.

"ఐపోయింది అక్కా, చేతులు తియ్యి."

"ఉండు. ఒక్కోసారి ఇంకోటి పేలుస్తరు."

రెండో పేలుడు రెండు నిమిషాలకు వచ్చింది. ఈసారి ఇంకా గట్టిగా. ఆమె చేతులు కదలలేదు. అది కూడా దాటాక భాయ్ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయి, మొహానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

అలా ఇంకో మధ్యాహ్నం కూడా గడిపాం. పట్టీ చివరి దాకా పచ్చబడింది. మిగిలిన ఎర్ర చుక్కల కోసం వెనక్కి పోయి మళ్ళీ చదివిస్తుంటే, కొన్ని తీరాయి, కొన్ని తీరలేదు. అప్పుడు డిస్కు పొడుగ్గా ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. ఎన్నిసార్లు కరెంటిచ్చినా మళ్ళీ తిరగలేదు. దాని పని అది చేసి పోయింది అనుకున్నాను.

పాడైన డిస్కుల గండం గడిచింది గానీ వరుస గండం అలాగే ఉంది. ముక్కలు నాలుగు డిస్కుల్లో ఏ వరుసలో పరిచి ఉన్నాయో ఆ వరుసలోనే కలపాలి. కార్డులో ఆ వరుస రాసి ఉండేది. రెండు ఎస్‌లతో అది చెరిగిపోయింది. నాలుగింటిని ఇరవై నాలుగు రకాలుగా పేర్చవచ్చు. ఒక్కో రకాన్ని పరీక్షించడానికి నా పాత మిషనుకు సగం రోజు పడుతుంది. అన్నీ చూడాలంటే దీపావళి దగ్గరికొస్తుంది. అక్క అన్ని రోజులు ఆగగలదేమో గానీ నేను ఆగలేను.

చచ్చిన డిస్కులనూ బతికినవాటినీ బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చుంటే బొట్లు కంటపడ్డాయి. ఒకదాని మీద కుంకుమ ముద్దగా, ఎర్రగా ఉంది. ఇంకోదాని మీద తక్కువ. మాడిన బోర్డు మీది మరక అంతకంటే పల్చన. నాలుగోదాని మీద కుంకుమ ఉందా లేదా అన్నట్టుంది.

"అక్కా, కుంకుమ ఎన్నిసార్లు ముంచినవు?"

"ఒక్కసారే. ఒక్క ఏలితోని నాలుగింటికి పెట్టుకుంట పోయిన."

"డిస్కులు ఒకటొకటి తీసుకుంట, తుడుసుకుంట, అప్పుడప్పుడే బొట్టు పెట్టినవా?"

"అప్పుడప్పుడే."

నాకు లేచి గంతులెయ్యాలనిపించింది. ముద్ద కుంకుమ మొదట బయటికి వచ్చిన డిస్కుది, పల్చటిది చివరగా వచ్చినదానిది. అరలు తెరిచిన వరుస ఆమె వేలే రాసి పెట్టింది. ముద్ద బొట్టును పై అరకు, పల్చటిదాన్ని కింది అరకు లెక్కవేసి మిషను నడిపించాను. సగం రోజు ఇంటికి పోకుండా కాచుకుని కూర్చున్నాను. వచ్చిన ఫోటోలో పైన పెళ్ళికొడుకు నుదురు, దాని కింద ఎవరిదో రిటైర్మెంటు బ్యానరు, దాని కింద చీర అంచు. అన్నీ పేలికలు.

అంత నిస్పృహ నాకెప్పుడూ కలగలేదు. చివరికి నోరు తెరిచి అక్కకు చెప్పాను, పై నుంచి కిందికి పెట్టి చూశానని.

"పై నుంచి ఎవరన్న మొదలువెడ్తరా తమ్మీ?" అంది ఆమె, నాకు బుద్ధి లేదన్నట్టు. "ఏది పేర్చినా కింది నుంచే గద. బొట్టు సుత కింది నుంచే పెట్టిన."

వరుస తిరగేసి మళ్ళీ నడిపిస్తే, మరునాడు పొద్దున తెర మీద ఫోల్డర్ల పేర్లు వచ్చాయి. ఆ పది నిమిషాల్లో చెరిగిపోయినవి పోగా మిగిలినవి వరుసగా ఉన్నాయి. మధ్యలో అక్క ఊరి పేరు ఉంది. ఆమె ఆ పేరును తెర మీద వేలితో తాకింది. అందులో కొన్ని ఫైళ్ళు తెరుచుకోలేదు. "అమ్మ" అని భాయ్ పేరు పెట్టిన ఫైలు తెరుచుకుంది.

భాయ్ గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను లేచి పోబోతే అక్క నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. తెర మీద ఒక అరుగు, దాని మీద తాంబాళం, చుట్టూ తంగేడు, గునుగు, బంతి కుప్పలు. వాటి మధ్య సన్నటి ముసలామె చీర కొంగు నడుముకు దోపుకుని కూర్చుని సూటిగా కెమెరాలోకి చూస్తోంది.

"ఏమే, రాకపోతివి గద. పట్టు వట్టినవు. మంచిది. ఊరు నీ కోసం ఆగుతదా? మల్లచ్చే ఏడు నేర్పుత అంటె గీ అరుగుండది. భాయ్ తోని పంపుతున్న, చూసి నేర్చుకో. గుమ్మడాకు ముందుగాల పరువాలె. గట్ల కాదు, బోర్ల. ఇగ తంగేడు. కాడలన్ని లోపటికి. నడుమ బోడగ ఇడువద్దు, ఆకు కుక్కాలె."

అక్క చేతులు ఒడిలో ఆమెకు తెలియకుండానే కదులుతున్నాయి. తల్లి ఒక వరుస పేర్చింది, ఇంకో వరుస పేర్చింది, మధ్యలో కూతుర్ని రెండుసార్లు మొండిదానా అని తిట్టింది. మూడు వరుసలు లేచాయి. ముసలామె నాలుగో వరుసకు గునుగు పూలు చేతిలోకి తీసుకుని, కొంచెం ముందుకు వంగింది.

"నాలుగో వరుసకాడ అందరియి వంగుతయి. నాది వంగది. ఎన్నడన్న వంగంగ చూసినవా? ఎందుకంటె..."

తెర నిండా ఆకుపచ్చ గళ్ళు వచ్చాయి. మాట ఆగిపోయింది. నేను లెక్కపెట్టాను, పదకొండు సెకన్లు. గళ్ళు చెదిరి మళ్ళీ ముసలామె కనిపించింది. నాలుగో వరుస నిటారుగా పూర్తయి ఉంది. ఆమె చేతులు దులుపుకుంటోంది.

"...గంతే. ఇగ నీకు చెప్పేదేం లేదు. బందు చెయ్యి భాయ్. నా బిడ్డ గింతసేపు నా మాట ఎన్నడు ఇనలె."

అక్క నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆ తర్వాత మళ్ళీ పెట్టమంది. ఐదారుసార్లు చూసింది. ప్రతిసారీ ఆ గళ్ళ దగ్గర ముందుకు వంగి చూసేది, ఈసారి మాట వినిపిస్తుందేమో అన్నట్టు. చివరికి గుమ్మం వైపు తిరిగి, "భాయ్, ఆడనే ఉన్నరు గద. ఏం జెప్పింది?" అని అడిగింది.

"ఫోకస్ చూసుకుంటున్న బేటా," అన్నాడు భాయ్. "ఆమె చేతులు దగ్గరికి తీస్తున్న. మాట మీద ధ్యాస లేదు. కెమెరా ఇంటున్నది గద అనుకున్న."

ఆ పదకొండు సెకన్ల కోసం నేను ఆ నెలంతా తంటాలు పడ్డాను. అవి ఏ ఎర్ర చుక్కల్లో ఉన్నాయో దొరికింది. మొదటి రోజు, మేము చాయ్ తాగుతుండగా వచ్చిన బ్లాస్టింగ్‌కు కుప్పగా పడ్డ చుక్కల్లో ఉన్నాయి. అక్క రాసిన పసుపులో పోలేదు, ఆమె కొట్టిన ఎస్‌లో పోలేదు. నేను మరిచిపోయిన అదురులో పోయాయి. ఆ రోజు ఆమెను అన్న మాటలన్నీ నాకే వచ్చి తగిలాయి. పోయి చెప్పాను. ఏం దాచకుండా చెప్పి, క్షమించమన్నాను.

అక్క కంప్యూటర్ వైపు తిరిగింది. "నేను సుత మరిచిన తమ్మీ," అంది. "మా ఊరును మింగినదాని చప్పుడే నాకు యాదికి రాలె."

ఇప్పుడు ఆ వీడియో మూడు చోట్ల ఉంది. ఒక కాపీ మా ఇంట్లో బీరువాలో, మా ఆవిడ చీరల కింద ఉంది. స్టూడియో కొత్త పెట్టెకు బొట్టు బయటి రేకు మీదే పెడుతుంది అక్క. ఎన్ని డిస్కులున్నా ఫికర్ లేదన్న మాట నేను ఇక ఎవరికీ చెప్పడం లేదు.

మరుసటి ఏడు సద్దుల బతుకమ్మకు అక్క భాయ్‌నూ నన్నూ పునరావాస కాలనీకి పిలిచింది. మేము పోయేసరికి గుమ్మం ముందు కూర్చుని పేరుస్తోంది. పక్కన ఫోను లేదు, వీడియో లేదు. గుమ్మడాకు బోర్ల పరిచింది, కాడలు లోపలికి పెట్టింది, నడుమ ఆకు కుక్కింది. పెదవులు కదుపుతూ తనలో తానే ఏదో అనుకుంటోంది, బహుశా తల్లి తిట్లే. మూడు వరుసలు నిటారుగా లేచాయి. నాలుగో వరుస దగ్గర చెయ్యి ఆగింది. కాసేపు చూసి, తనకు తోచినట్టు పేర్చింది. అక్కడి నుంచి బతుకమ్మ ఎడమ పక్కకు కొంచెం ఒరిగింది.

పక్కింటావిడ చూసి, "జర సదురరాదు, వంగింది" అంటూ చెయ్యి పెట్టబోయింది.

అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనియ్యి వదినా. మా అమ్మ గక్కడి దాకనే చెప్పింది."

ఆ తర్వాత తాంబాళం తల మీదికి ఎత్తుకుంది. ఒరిగిన వైపు అరచెయ్యి ఆనించి పట్టుకుని, మిగతా ఆడవాళ్ళతో కలిసి నడిచింది.